పోర్టు తెరిస్తే వేగం పెరుగుతుందా?

ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉందని ఎవరితోనైనా అంటే వచ్చే సలహాల్లో ఇరవై ఏళ్లుగా చావనిది ఒకటుంది: రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి పోర్టు ఫార్వర్డ్ చెయ్యమని. ఆ పని చేశాక టోరెంటు వేగం రాత్రికి రాత్రి రెట్టింపయిందని ఒట్టు వేసి చెప్పేవాళ్లున్నారు. అన్నీ చెప్పినట్టే చేసి, సగం ఆదివారం రూటర్ పేజీలతో కుస్తీ పట్టి, వీసమెత్తు తేడా చూడనివాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఎవరు దేన్ని, ఎక్కడి నుంచి దించుకుంటున్నారన్న దగ్గరే వాళ్ల దారులు చీలిపోయాయి.

పోర్టు ఫార్వర్డింగ్ లైను వేగాన్ని ఒక్క కిలోబిట్ కూడా పెంచదు. బయటి నుంచి మీ కంప్యూటరును చేరగలిగినవాళ్ల సంఖ్యను పెంచుతుంది, అంతే. మీ డౌన్‌లోడుకు అలా వచ్చి చేరేవాళ్లతో పని ఉంటే లాభం, లేకపోతే సున్నా. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఇన్నేళ్లుగా పేరుకుపోయిన చిట్కాల్లో తాలు ఏదో గింజ ఏదో చాలావరకు తేలిపోతుంది.

చిరునామాల కరువు

ఇంటర్నెట్‌లో పాతుకుపోయిన ఐపీ నాలుగో వెర్షన్‌లో ఒక్కో చిరునామా 32 బిట్లది. మొత్తం కలిపి 429 కోట్ల చిల్లర. ఇవి చాలవని 1990ల మొదట్లోనే ఇంజనీర్లకు అర్థమైంది. 1994 మేలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631 అన్న పత్రంలో ఒక ఉపాయం రాశారు: ఇంట్లోనో ఆఫీసులోనో ఎన్ని కంప్యూటర్లున్నా బయటికి ఒకే చిరునామా కనిపిస్తే చాలు, లోపలి లెక్కలు రూటరే చూసుకుంటుంది. దీన్నే నాట్ అంటారు. కొన్నాళ్లు గడవడానికి పనికొచ్చే ఏర్పాటుగానే వాళ్లు దాన్ని ప్రతిపాదించారు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కొన్ని చిరునామాలను ఖరారు చేసింది. మన రూటర్ల మీద కనిపించే 192.168 వరస అందులోదే. నాట్ పరిభాషను స్థిరపరిచిన 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2663 మీద, 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3022 మీద పైడా శ్రీసురేశ్ పేరుంటుంది. ఇంటిపేరు చూడగానే కాకినాడ వైపువాళ్లకు చెవులు నిక్కబొడుచుకోవచ్చు.

నాట్ చేసే పని తెలియాలంటే పెద్ద అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌ను తలుచుకోండి. ఊరికి తెలిసిన చిరునామా గేటుదే. 304 వాళ్లు గ్యాసు బండ బుక్ చేశామని ముందే చెప్పి ఉంటే, బండ రాగానే పైకి పంపుతాడు. ఎవరూ చెప్పకుండా వచ్చిన మనిషిని ఏ ఫ్లాటుకు పంపాలో తెలియక వెనక్కి తిప్పేస్తాడు. పోర్టు ఫార్వర్డింగ్ అంటే ఆ వాచ్‌మన్ చేతిలో శాశ్వతంగా ఒక చీటీ పెట్టడం: ఫలానా నంబరు చెప్పి వచ్చినవాళ్లని అడక్కుండా 304కి పంపు.

ఇక్కడే మొదటి సంగతి తేలిపోతుంది. బ్రౌజర్లో ఫైలు దించుకున్నా, ఫోన్లో యాప్ వేసుకున్నా, యూట్యూబ్ చూసినా, గేమ్ కొనుక్కుని వంద గిగాబైట్లు లాగినా మొదట పిలిచేది మనమే. మనం పిలిస్తే వచ్చిన జవాబును రూటర్ ఎప్పుడూ ఆపదు. వీటికి పోర్టు ఫార్వర్డ్ చేయడం అంటే బుక్ చేసిన గ్యాసు బండకు మళ్లీ చీటీ రాయడమే. ప్లేస్టేషన్‌లో నాట్ టైప్ 3 అనో, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అనో చూసి గేమ్ డౌన్‌లోడ్ అందుకే నెమ్మదించిందనుకునే కుర్రాళ్లు చాలామంది. ఆ మాట ఆటలో తోటివాళ్లతో కలవడానికీ, గొంతు కలిపి మాట్లాడుకోవడానికీ సంబంధించింది. ఎక్స్‌బాక్స్‌కు 3074 పోర్టు తెరిస్తే పార్టీ చాట్ బాగుపడొచ్చు. గేమ్ ఫైలు మాత్రం కంపెనీ సర్వరు నుంచి వచ్చే వేగంతోనే వస్తుంది.

సలహా నిజమైన రోజులు

మరి సలహా ఎక్కడ పుట్టింది? ఒకరి నుంచి ఒకరు ఫైళ్లు పంచుకునే పీర్ టు పీర్ లోకంలో. 2002లో వచ్చిన ఈమ్యూల్ ఈ విషయాన్ని మొహం మీదే చెప్పేది. పోర్టు తెరిచి ఉంటే హై ఐడీ, మూసి ఉంటే లో ఐడీ. ఇద్దరు లో ఐడీలకు మధ్య బదిలీ కుదరదు; ఎవరు ఎవర్ని పిలిచినా గేటు దగ్గరే ఆగిపోతారు. 4662 పోర్టు ఫార్వర్డ్ చేసి లో ఐడీ నుంచి హై ఐడీకి ఎదిగినవాడు తేడాను కళ్లారా చూసేవాడు. క్యూలో అతనికి దొరికే మనుషుల సంఖ్యే మారిపోయేది.

బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన బిట్‌టోరెంటుది కొంచెం మెలిక ఉన్న లెక్క. ఫైలు ముక్కలుముక్కలుగా పంచబడుతుంది. నాకు ఎవరు ఎక్కువ ఇస్తున్నారో వాళ్లకే నేనూ ఇస్తాను అన్నది దాని న్యాయం. మొదటి రోజుల పద్ధతిలో ప్రతి 10 సెకన్లకోసారి లెక్క చూసుకుని నలుగురైదుగురికే పంపేది, 30 సెకన్లకోసారి ఒక కొత్తవాడికి అవకాశం ఇచ్చి చూసేది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఒకసారి కనెక్షన్ కుదిరాక ఎవరు ఎవర్ని ముందు పిలిచారన్నదానితో పని లేదు, డేటా రెండు వైపులా నడుస్తుంది. కాబట్టి పోర్టు మూసి ఉన్నవాడు కూడా, తెరిచి ఉన్నవాళ్లను తనే పిలిచి శుభ్రంగా దించుకోగలడు. మూసి ఉన్న ఇంకొకడిని మాత్రం చేరలేడు.

లెక్క వేసి చూద్దాం. ఒక ఫైలు దగ్గర 40 మంది ఉన్నారనుకుందాం, వాళ్లలో 10 మందికే పోర్టు తెరిచి ఉంది. మీది మూసి ఉంటే మీకు అందేది ఆ 10 మందే, తెరిస్తే 40 మందీ. నాలుగు రెట్లు! కానీ వేగం నాలుగు రెట్లవుతుందా? ఆ పదిమందిలో ఇద్దరు మీ లైనును నిండా నింపగలిగినవాళ్లయితే మిగిలిన 30 మంది వచ్చి కూర్చున్నా ఒరిగేది లేదు. అదే, ఫైలు దగ్గర మొత్తం నలుగురే ఉండి నలుగురివీ మూసే ఉంటే మీరొక్కరు పోర్టు తెరవడం వల్ల ఆగిపోయిన పని కదులుతుంది. 99 శాతం దగ్గర రోజుల తరబడి వేలాడే టోరెంటులో చాలాసార్లు కథ ఇదే. జనం కిక్కిరిసిన చోట పోర్టు దండగ, పలచగా ఉన్న చోట ప్రాణం. సలహా ఇచ్చేవాళ్లు ఈ తేడా చెప్పరు.

ఎక్కువ లాభం దించుకునేవాడికంటే పంచేవాడికి. ఫైలు పూర్తయి ఇతరులకు ఇస్తూ కూర్చున్నవాడు ఎక్కువగా తనను వెతుక్కుంటూ వచ్చినవాళ్లకే ఇస్తాడు. గేటు మూసి ఉంటే వచ్చేవాళ్లెవరు? ఎంత పంచావో అంతే దించుకో అనే నియమం పెట్టుకున్న ప్రైవేటు గుంపుల్లో పోర్టు తెరవనివాడు చివరికి అప్పులపాలే.

బీఎస్ఎన్ఎల్ డేటావన్ 2005లో వచ్చాక ఈ చర్చ మన ఇళ్లలోకి వచ్చింది. యూటీస్టార్‌కామ్ యూటీ300ఆర్2యూ, హువావే ఎమ్‌టీ882 లాంటి మోడెంలు, 192.168.1.1 పేజీ, అడ్మిన్ అని కొడితే పాస్‌వర్డూ అడ్మినే. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు ఎంత దించుకున్నా లెక్క లేదు కాబట్టి, ఆ ఆరు గంటల్లో వేగం పడిపోతే గుండె గుబేల్‌మనేది. చిట్కాలకు అంతకంటే మంచి నేల ఎక్కడ దొరుకుతుంది? పోర్టు ఫార్వర్డింగ్‌కు తోడుగా నాలుగైదు చిట్కాలు పక్కపక్కనే మొలిచాయి. ఏది ఏ పని చేసిందో విడదీయడం ఇప్పటికీ కష్టమవుతున్నది అందుకే.

వాటిలో బాగా ప్రచారమైంది విండోస్ ఎక్స్‌పీది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2, ఇంకా జవాబు రాని కనెక్షన్ ప్రయత్నాలు ఒకేసారి 10 కంటే మించకుండా కట్టడి పెట్టింది. వార్మ్‌లనే కంప్యూటర్ పురుగులు ఒక మెషీను నుంచి ఇంకోదానికి పాకే జోరు తగ్గించడం దాని ఉద్దేశం. టోరెంటు వాడేవాళ్లు విండోస్ లాగ్‌లో ఈవెంట్ 4226 అనే హెచ్చరిక చూసి, సిస్టమ్ ఫైలునే మార్చే ప్యాచ్‌లు వేసుకున్నారు. నిజానికి ఆ కట్టడి కొత్తవాళ్లను పిలిచే జోరును తగ్గించేదే కానీ, అప్పటికే కుదిరిన కనెక్షన్లను తాకేది కాదు. పది నిమిషాలు ఆగితే తేడా పోయేది. ఆ ప్యాచ్‌ల పేరుతో ఎన్ని వైరస్‌లు ఇళ్లలోకి వచ్చాయో!

రెండోది, మోడెం మొరాయించడం. ఆ చవక డబ్బాల్లో నాట్ పట్టిక చిన్నది. టోరెంటు వందల కనెక్షన్లు తెరిచేసరికి పట్టిక నిండి, బ్రౌజర్లో ఒక్క పేజీ కూడా రాని స్థితి వచ్చేది. దీనికి మందు కనెక్షన్ల సంఖ్య తగ్గించడం. పోర్టు తెరిస్తే బయటివాళ్లు మరింతమంది వచ్చి ఈ జబ్బు ఇంకా ముదిరేది.

మూడోదాన్ని నేను అన్నిటికంటే పెద్దదిగా లెక్కిస్తాను. ఏడీఎస్ఎల్ లైనులో కిందికి 2 మెగాబిట్లు వస్తే పైకి వెళ్లేది కొన్ని వందల కిలోబిట్లే. కిందికి వచ్చే ప్రతి రెండు ప్యాకెట్లకోసారి అందింది అని పైకి ఒక చిన్న రసీదు వెళ్లాలి. టోరెంటు అప్‌లోడ్ పైదారిని నింపేస్తే ఆ రసీదులు క్యూలో ఇరుక్కుంటాయి, రసీదు రాలేదని అవతలివాడు పంపడం తగ్గిస్తాడు. డౌన్‌లోడ్ కుంగిపోతుంది. అప్‌లోడ్‌ను లైను సత్తాలో 70, 80 శాతానికి కట్టేస్తే డౌన్‌లోడ్ లేచి కూర్చునేది. పోర్టు ఫార్వర్డ్ చేయమని చెప్పినవాళ్లే ఈ అప్‌లోడ్ పరిమితీ పెట్టమనేవాళ్లు. రెండూ ఒకే రాత్రి చేసినవాడు ఘనత మొత్తం పోర్టు ఖాతాలో రాసుకున్నాడని నా అనుమానం. ఎంత కష్టపడి చేసిన పనికి అంత కీర్తి కట్టబెడతాం కదా మనం.

నాలుగోది సర్వీసు కంపెనీల అడ్డగింత. బిట్‌టోరెంటుకు పాత అలవాటు పోర్టులు 6881 నుంచి 6889 వరకు. వాటిని గుర్తుపట్టి నొక్కడం తేలిక కాబట్టి పోర్టు నంబరు మార్చమన్నారు. తర్వాత 2006 నాటికి గుర్తుపట్టకుండా సంకేతాల్లో చుట్టే పద్ధతి వచ్చింది. ఈ అడ్డగింత ఊహ కాదని అమెరికాలో 2007లో రుజువైంది. కామ్‌కాస్ట్ కంపెనీ టోరెంటు కనెక్షన్లలోకి తెగతెంపుల ప్యాకెట్లు దొంగచాటుగా చొప్పిస్తున్నదని అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు కింగ్ జేమ్స్ బైబిలు ఫైలును పంచి చూసి తేల్చారు. 2008 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థ తప్పుపట్టింది, 2010లో న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టేసింది. మన దేశంలో ట్రాయ్ సిఫార్సుల మీద 2018 జులైలో టెలికాం శాఖ నెట్ సమానత్వ నియమాలకు ఒప్పుకుంది కాబట్టి, కాగితం మీదైతే ఇలాంటి వివక్షకు చోటు లేదు.

గేటు వీధి చివరికి పోయింది

ఈలోగా సాఫ్ట్‌వేర్లు తెలివిమీరాయి. రూటర్‌ను అడిగి పోర్టు తనే తెరిపించుకునే యూపీఎన్‌పీ 2001 నాటికే ప్రమాణంగా వచ్చింది. ఆపిల్ తన సొంత పద్ధతి నాట్ పీఎంపీని తెచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు పిలిచి రెండు గేట్లనూ నమ్మించే కిటుకు ఒకటి ఉంది, హోల్ పంచింగ్ అంటారు. బ్రయాన్ ఫోర్డ్, ఇందాక చెప్పిన శ్రీసురేశ్, డాన్ కెగెల్ కలిసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షించిన నాట్ పరికరాల్లో 82 శాతం యూడీపీ అనే రవాణా పద్ధతితో, 64 శాతం టీసీపీ అనే పద్ధతితో ఈ కిటుకుకు లొంగాయి. టోరెంటు సాఫ్ట్‌వేర్లు తర్వాత దీన్ని సొంతం చేసుకున్నాయి, యూడీపీ మీద నడిచే యూటీపీ పద్ధతికి మళ్లాయి. ఆ పద్ధతి లైను నిండుతున్నదని కనిపెట్టి తనే వెనక్కి తగ్గుతుంది కాబట్టి, అప్‌లోడ్ డౌన్‌లోడ్‌ను తొక్కే పాత జబ్బు కూడా చాలావరకు నయమైంది. కనుక పోర్టు మూసి ఉన్నవాడు ఇవాళ 2005 నాటివాడంత నిర్భాగ్యుడు కాదు.

ఉచితంగా, చట్టబద్ధంగా టోరెంటులో దొరికేవి చాలానే ఉన్నాయి. ఉబుంటు, డెబియన్ లినక్సులకు పంచేవాళ్లు ఎప్పుడూ దండిగా ఉంటారు, పోర్టు గొడవే లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి టోరెంటులిస్తున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు బోలెడు అక్కడున్నాయి. ఒక పాత శతకం టోరెంటు దగ్గర మీరు తప్ప ఇంకో ప్రాణి ఉండకపోవచ్చు. అయినా అది దిగుతుంది, ఎందుకంటే ఆ టోరెంటులో ఆర్కైవ్ సర్వరే ఒక పంచేవాడిగా నమోదై ఉంటుంది. అక్కడ వేగం ఆ సర్వరు దూరాన్ని బట్టి, మీ గేటును బట్టి కాదు.

ఇదంతా ఒక ఎత్తు, చిరునామాలు పూర్తిగా అయిపోవడం మరో ఎత్తు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు పంపిణీ సంస్థ ఏపీనిక్ ఏప్రిల్ 15కల్లా అట్టడుగు వాటాకు చేరింది. అన్ని ప్రాంతాలకంటే ముందు చేతులెత్తేసింది మనమే. భారత్‌లో ఇంటింటి బ్రాడ్‌బ్యాండ్, చవక మొబైల్ డేటా ఊపందుకున్నది ఆ తర్వాత. కంపెనీలకు ఒకటే దారి మిగిలింది: ఇంటి రూటర్ చేసే పనినే తమ దగ్గర పెద్ద యంత్రంతో మళ్లీ చేయడం. ఇదే సీజీనాట్. దీనికోసమే 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64 నుంచి 100.127 వరకు ఒక చిరునామాల వరస పక్కన పెట్టారు.

అంటే మీ వాచ్‌మన్‌కు మీరు ఎన్ని చీటీలిచ్చినా ఉపయోగం లేదు. వీధి చివర కంపెనీ పెట్టిన ఇంకో గేటుంది, అక్కడి మనిషి మీ మాట వినడు. ఇవాళ పోర్టు ఫార్వర్డింగ్ పనిచేయలేదని తలబాదుకునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కున్నారు. రూటర్ పేజీలో అంతా పచ్చగా ఉంటుంది, పరీక్షించే సైటు మాత్రం మూసి ఉంది అంటుంది. సంగతి తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఉన్నదాన్నీ, మీ ఐపీ ఏమిటో చెప్పే ఏదైనా సైటులో కనిపించేదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే గేటు మీ చేతిలో ఉన్నట్టే. వాన్ ఐపీ 100.64 వరసలోనో 10తోనో మొదలైతే, ఫార్వర్డింగ్ నియమాలు రాయడం ఆపి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్ అంటారు, నెలనెలా అదనపు రుసుముతో. కొన్ని చోట్ల గట్టిగా అడిగితే మారే పబ్లిక్ ఐపీ ఒకటి ఉచితంగానే ఇస్తారు.

సీజీనాట్‌కు ఇంకో ఇరుకు కూడా ఉంది. ఒక చిరునామాకు ఉండే పోర్టులు 65,535. దాన్ని 64 ఇళ్లకు పంచితే ఇంటికి దాదాపు వెయ్యి. నాలుగు ఫోన్లు, ఒక టీవీ, రెండు ల్యాప్‌టాప్‌లు నడుస్తున్న ఇంట్లో టోరెంటు ఐదారు వందల కనెక్షన్లు తెరిస్తే ఆ కోటా కరిగిపోతుంది. అప్పుడు పేజీలు సగంలో ఆగుతాయి, యూపీఐ చెల్లింపు తిరుగుతూనే ఉంటుంది, తిట్లు వైఫైకి పడతాయి. ఇక్కడ పనిచేసేది పాత మోడెం రోజుల చిట్కాయే: కనెక్షన్ల సంఖ్యను వందా రెండొందలకు దించడం.

చేసితీరాలంటే

గేటు మీ చేతిలోనే ఉందని తేలాక పని పెద్దదేం కాదు, వరస తప్పకుండా ఉంటే చాలు. ముందు కంప్యూటరుకు లోపలి చిరునామా మారకుండా రూటర్‌లోనే డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టాలి. ఇది వదిలేసినవాళ్లకే నిన్న పనిచేసింది ఇవాళ పోయింది అన్న అనుభవం. టోరెంటు సాఫ్ట్‌వేరులో ఒక పోర్టు నంబరు స్థిరంగా ఉంచాలి, తెరిచిన ప్రతిసారీ మారిపోయే ఎంపికను తీసేయాలి. ట్రాన్స్‌మిషన్ అయితే 51413తో వస్తుంది. ఏదైనా సరే 49152 పైన ఒకటి ఎంచుకోవడం మేలు. రూటర్ పేజీలో ఈ సౌకర్యం ఒక్కో కంపెనీ డబ్బాలో ఒక్కో పేరుతో దాక్కుంటుంది. వర్చువల్ సర్వర్ అన్నా, నాట్ ఫార్వర్డింగ్ అన్నా, అప్లికేషన్ కింద పోర్టు మ్యాపింగ్ అన్నా ఒకటే. టీసీపీ, యూడీపీ రెండూ ఇవ్వాలి. విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ సాఫ్ట్‌వేరుకు అనుమతి ఉందో లేదో చూడాలి.

ఫైబర్ కంపెనీ పెట్టిన డబ్బా ఒకటి, దానికి తగిలించి మనం కొనుక్కున్న మంచి వైఫై రూటర్ ఇంకొకటి ఉన్న ఇళ్లు ఇప్పుడు ఎక్కువ. రెండూ నాట్ చేస్తుంటే నియమం రెండు చోట్లా రాయాలి, లేదా మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి. బ్రిడ్జ్‌కు మార్చమంటే కొందరు టెక్నీషియన్లు ఫోన్ లైను పనిచేయదు సార్ అని నసుగుతారు, ల్యాండ్‌లైన్ కూడా అదే డబ్బాలోంచి వచ్చేవాళ్లకు అందులో కొంత నిజం ఉండొచ్చు. తెరిచిందో లేదో పరీక్షించడం బయటి నుంచే చేయాలి, ఫోన్లో మొబైల్ డేటా పెట్టుకుని అయినా సరే. ఇంట్లోంచే మన పబ్లిక్ చిరునామాను పిలిస్తే చాలా రూటర్లు దాన్ని వెనక్కి తిప్పి లోపలికి తీసుకోలేవు. బాగున్న పోర్టు కూడా మూసినట్టు కనిపిస్తుంది. పరీక్ష వేళ టోరెంటు సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి, వినేవాడు లేని పోర్టు ఎప్పుడూ మూసినట్టే చూపిస్తుంది.

ఇవేవీ కుదరక విసుగెత్తినవాళ్లకు ఎవరో ఒకరు డీఎంజెడ్ అనే మీట చూపిస్తారు. దాన్ని ముట్టుకోవద్దు. అది ఒక కంప్యూటరుకు ఉన్న పోర్టులన్నీ ఒక్కసారిగా లోకానికి ఒప్పజెప్పడం.

తెరిచిన పోర్టును ఇంటర్నెట్ మొత్తాన్ని అదేపనిగా గాలించే ప్రోగ్రాములు గంటల్లో కనిపెడతాయి. 2013 జనవరిలో రాపిడ్7 సంస్థ వెతికితే, ఇంటి లోపల మాత్రమే పలకాల్సిన యూపీఎన్‌పీ ప్రశ్నకు బయటి ఇంటర్నెట్ నుంచి 8 కోట్ల 10 లక్షల చిరునామాలు పలికాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్ల మీద 2016లో మిరాయ్ అనే పురుగు పడి సైన్యంగా మార్చింది. ఆ అక్టోబరు 21న డిన్ కంపెనీ మీద జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటలపాటు అందలేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దోపిడీ సాఫ్ట్‌వేర్ ఇళ్లలోని క్యూనాప్ స్టోరేజ్ డబ్బాలకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, ఆ కంపెనీయే తన కొనుగోలుదారులకు రూటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ ఆపేయమని, యూపీఎన్‌పీ తీసేయమని చెప్పుకోవాల్సి వచ్చింది.

టోరెంటు కోసం ఒక్క పోర్టు తెరవడం వీటితో పోలిస్తే చిన్న ప్రమాదమే, ఆ సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు కొత్తది చేసుకుంటే. మన ఊళ్లలో అసలు ముప్పు సీసీ కెమెరాలది. హిక్‌విజన్‌కు 8000, దహువాకు 37777, వీడియోకు 554, పేజీకి 80 అంటూ బిగించినవాళ్లే పోర్టులు తెరిచి, పాస్‌వర్డ్ పేరూ ఊరూ కలిపి పెట్టి వెళ్లిపోతారు. యజమానికి ఆ సంగతే తెలియదు. హిక్‌విజన్ కెమెరాల్లో కొన్నింటికి అసలు పాస్‌వర్డే అక్కర్లేకుండా లోపలికి దారిచ్చే లోపం 2017లో బయటపడింది. షాపులో కూర్చుని ఇల్లు చూసుకోవాలంటే ఇవాళ క్యూఆర్ కోడ్ కొట్టి యాప్‌లో చేర్చుకునే పద్ధతి ఉంది, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ఇంట్లోనే పెట్టుకోవచ్చు. కెమెరా పోర్టు నేరుగా తెరవడానికి ఇప్పుడు నాకు ఒక్క మంచి కారణం కూడా కనిపించదు.

నెమ్మది ఎక్కడిది?

పోర్టు కారణం కాకపోతే మరి వేగం ఎక్కడ పోతున్నట్టు? ఎక్కువ ఫిర్యాదుల్లో అసలు పోవడమే లేదు. ప్లాను 100 మెగాబిట్లని చెబుతుంది, డౌన్‌లోడ్ కిటికీ మెగాబైట్లలో చూపిస్తుంది. 12.5 మెగాబైట్లు కనిపిస్తే లైను నిండా వస్తున్నట్టు లెక్క.

300 మెగాబిట్ల ప్లాను తీసుకుని ఎప్పుడు చూసినా 95 దగ్గరే ఆగుతుంటే కేబుల్ చూడండి. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ కావాలి. ఒక్క తీగ తెగినా, బిగించేటప్పుడు నాలుగే కలిపినా వేగం 100కు పడిపోతుంది. పాత ల్యాప్‌టాప్ సాకెట్టు, ఫైబర్ డబ్బాలోని కొన్ని సాకెట్లు కూడా 100కే కట్టుబడి ఉంటాయి. వైఫై అయితే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కని చానళ్లు 1, 6, 11 మాత్రమే. కూకట్‌పల్లిలాంటి చోట ఒక అంతస్తులో పది రూటర్లు ఉంటే ఆ మూడింటిని పది ఇళ్లు పంచుకోవాలి. ల్యాప్‌టాప్‌ను తీగతో రూటర్‌కు తగిలించి ఒకసారి కొలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

దూరం ఇంకో దొంగ. సర్వరు అమెరికాలో ఉంటే ఒక ప్యాకెట్ వెళ్లి రావడానికి పావు సెకను. అవతలివాడు రసీదు కోసం ఆగకుండా 64 కిలోబైట్లే పంపగలిగితే, లైను ఎంత లావుదైనా సెకనుకు 2 మెగాబిట్ల పైచిలుకు దాటదు. ఈ పరిమితిని సడలించే పద్ధతి 1992లోనే వచ్చింది, కొత్త విండోస్‌లు దాన్ని వాటంతటవే వాడతాయి. అయినా దూరపు సర్వరు ఒక్కో కనెక్షన్‌కు కొంతే ఇస్తానని మొండికేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఐడీఎం లాంటి డౌన్‌లోడ్ మేనేజర్లు ఒకే ఫైలును ఎనిమిది ముక్కలుగా ఎనిమిది కనెక్షన్లలో లాగి మన కుర్రాళ్ల అభిమానం సంపాదించుకున్నది అందుకే.

ఒకరు వీడియో పైకి పంపుతుంటే ఇంట్లో అందరికీ నెట్ చచ్చిపోతుందంటే అది రూటర్‌లో క్యూ అతిగా పెరగడం. జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో దీన్ని బఫర్‌బ్లోట్ అని పిలిచాడు. కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే విరుగుడు చెప్పారు. స్మార్ట్ క్యూ సౌకర్యం ఉన్న రూటర్‌లో అది ఆన్ చేయడం, పోర్టు తెరవడంకంటే ఎక్కువ ఇళ్లలో ఎక్కువ మేలు చేస్తుంది.

మళ్లీ పోర్టు దగ్గరికి వస్తే, సీజీనాట్ వెనక ఉండి పోర్టు కావాల్సినవాళ్లకు కొన్ని వీపీఎన్ కంపెనీలు ఆసరా ఇచ్చాయి. పోర్టు తమ దగ్గర తెరిచి మీకు పంపేవి. దుర్వినియోగం పెరిగిందని ముల్వాడ్ 2023లో ఆ సౌకర్యం ఎత్తేసింది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశించాక నార్డ్, ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్ ఇక్కడి సర్వర్లు తీసేశాయి. సింగపూర్ మీదుగా తిరిగొచ్చే వీపీఎన్‌తో వేగం పెంచుకోవాలనుకోవడం ఎటూ చుట్టుదారి ప్రయాణమే.

నాట్ అవసరమే లేని దారి ఐపీ ఆరో వెర్షన్. ఇంట్లో ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ సొంత పబ్లిక్ చిరునామా ఉంటుంది. గూగుల్ లెక్కల్లో దీని వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది, మొబైల్ కంపెనీల పుణ్యమా అని. ఐపీ ఆరులో పోర్టు ఫార్వర్డ్ చేయడమంటూ ఉండదు. అయితే పిలవని ప్యాకెట్లను రూటర్ ఫైర్‌వాల్ ఆపడం మామూలే, 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6092 ఇళ్ల రూటర్లకు ఆ పద్ధతినే వివరించింది. కాబట్టి ఫైర్‌వాల్ పేజీలో ఆ కంప్యూటరు ఆరో వెర్షన్ చిరునామాకు, ఆ ఒక్క పోర్టుకు అనుమతి రాయాలి. అవతలివాళ్లకూ ఐపీ ఆరు ఉంటేనే వాళ్లు మిమ్మల్ని చేరతారు, ఇప్పుడు పెద్ద టోరెంటుల్లో అలాంటివాళ్లు తక్కువేం కాదు. చిక్కల్లా, కంపెనీ ఉచితంగా ఇచ్చే డబ్బాల్లో కొన్నింటికి ఆరో వెర్షన్ ఫైర్‌వాల్ అంటే ఉంచడమో తీసేయడమో తప్ప ఒక్క పోర్టుకు అనుమతి రాసే చోటే ఉండదు. తీసేస్తే ఇంట్లోని టీవీ, కెమెరా, ప్రింటరు అన్నీ ఒక్కసారిగా బయటికి కనబడతాయి. కొత్త కనెక్షన్ పెట్టించుకునేవాళ్లు సంతకం చేసేముందు అడగాల్సినవి రెండే: వాన్ ఐపీ పబ్లిక్‌దా కాదా, డబ్బాలో ఐపీ ఆరు ఫైర్‌వాల్ నియమాలు విడివిడిగా రాసుకునే పేజీ ఉందా లేదా.